రోడ్డెక్కిన పడవ: బరకం ఉంచాలా, తీయాలా?

ఏటా ఏప్రిల్ 15వ తేదీ నుండి జూన్ 14వ తేదీ వరకు, 61 రోజుల పాటు, తూర్పు తీరమంతటా మర పడవలపై సముద్రపు వేట నిషిద్ధం. చేపల సంతానోత్పత్తికి అనువైన కాలమని ప్రభుత్వం ఈ విరామాన్ని విధిస్తున్నది. అయితే వేట ఆగినంత మాత్రాన పడవకు విశ్రాంతి దొరకదు. అడుగు గీకించాలి, పగుళ్లు పూడ్పించాలి, రంగు వేయించాలి, ఇంజను విప్పించి చూపించాలి. పాత పడవను అమ్మేవారు, కొత్త పడవను కొనేవారు కూడా ఈ రెండు నెలల్లోనే బేరాలు ముగిస్తారు. అందువల్ల సంవత్సరంలో మరే కాలంలోనూ లేనంతగా పడవలు ఈ రోజుల్లో రోడ్డెక్కుతాయి. యానాంలోని సావిత్రినగర్, దరియాలతిప్ప వంటి మత్స్యకార వాడల నుండి ఒక దారి తాళ్లరేవు మీదుగా కాకినాడకు పోతుంది. ఇంకొకటి గౌతమి మీది వంతెన దాటి యెదుర్లంక వైపు, కోనసీమలోకి పోతుంది. ఎటు వెళ్లినా కొద్ది దూరంలోనే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు వస్తుంది. మోటారు వాహనాల చట్టం మాత్రం కేంద్ర చట్టం. సరిహద్దుకు ఇరువైపులా అదే వర్తిస్తుంది.

నీటిలో పడవ నడపడం మన మత్స్యకార సోదరులకు ఎవరూ నేర్పవలసిన విద్య కాదు. రోడ్డు మీద పడవను తరలించడం వేరే విద్య. అక్కడ పడవ పడవ కాదు, సరుకు. దానిని మోసేది నీరు కాదు, లారీ. గాలి మాత్రం రెండు చోట్లా ఒకటే. తెరచాపను ఏ గాలి నింపుతుందో, లారీ మీది బరకాన్నీ ఆ గాలే నింపుతుంది. పడవను తరలించేటప్పుడు దాని మీది టార్పాలిన్‌ను, అంటే మనవాళ్లు బరకం అనే కప్పును, ఉంచాలా తీయాలా అన్నది చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది. కాని వెనుక వస్తున్న ద్విచక్ర వాహనదారుని ముఖం మీదికి ఆ బరకం ఎగిరి వచ్చి పడితే అది ఒక ప్రాణానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. పౌరుల సౌకర్యార్థం ఆ విషయాన్ని ఇక్కడ వివరంగా తెలుపడమైనది.

గాలి బలం ఎంత?

ముందుగా ఒక లెక్క చూద్దాం. కదిలే వాహనానికి ఎదురుగా వచ్చే గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గాలి కదలని వేళ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, గాలికి ఎదురు నిలిచే ప్రతి చదరపు మీటరు మీద సుమారు 2 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి పడుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో అది 7.5 కిలోలు, 60 కిలోమీటర్లకు 17 కిలోలు, 80 కిలోమీటర్లకు 30 కిలోలు.

ఇప్పుడు 23 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు గల ఫైబర్ పడవను తీసుకుందాం. పడవ రెండు కొసలా సన్నబడుతుంది గనుక దాని మీద పరచిన బరకం వైశాల్యం సుమారు 10 చదరపు మీటర్లు అనుకోవచ్చు. ముందు అంచు కింద గాలి దూరి, బరకమంతా తెరచాప వలె ఉబ్బిందంటే, 40 కిలోమీటర్ల వేగంలో 75 కిలోల బలం, 80 కిలోమీటర్ల వేగంలో 300 కిలోల బలం దానిని లాగగలవు. ఇది బరకం పూర్తిగా ఉబ్బినప్పటి పై హద్దు లెక్క. అందులో సగమే పడినా, అంచున ఉండే చిన్న రింగులు ఊడిరావడానికి చాలు.

ఇందులో మరొక మెలిక ఉంది. లెక్కకు వచ్చేది లారీ వేగం ఒక్కటే కాదు, లారీ వేగానికి ఎదురుగాలి వేగాన్ని కలిపితే వచ్చే మొత్తం. డ్రైవరు 50 కిలోమీటర్ల వేగంతోనే నడుపుతున్నా, ఎదురుగా 30 కిలోమీటర్ల గాలి వీస్తుంటే బరకం దృష్టిలో అది 80 కిలోమీటర్ల ప్రయాణమే. చెట్ల చాటున, ఇళ్ల నడుమ తెలియని ఈ గాలి వంతెన మీదికి ఎక్కగానే తెలుస్తుంది. నది మీద గాలికి అడ్డు ఉండదు. పక్క నుండి వీచే గాలికి తోడు, ఎదురుగా పెద్ద లారీ దాటిపోయినప్పుడు ఒక్కసారిగా తోపు తగులుతుంది. ఊరిలో పది కిలోమీటర్లు చెక్కుచెదరని బరకం వంతెన నడుమ విప్పుకోవడానికి కారణమిదే.

బరకం ఒక్కసారిగా ఎగిరిపోదు. మొదట ఒక మూల వదులవుతుంది. వదులైన మూల కొట్టుకుంటుంది. కొట్టుకునే గుడ్డ తాడును కోస్తుంది, రింగును పీకుతుంది, పడవ అంచును గీరుతుంది. గుడ్డకు, పడవకు మధ్య చేరిన ఇసుక గరుకు కాగితంలా పనిచేసి ఫైబరు మీది నునుపు పొరను, కొత్తగా వేసిన రంగును అరగదీస్తుంది. అంటే ఎగిరిపోయిన బరకం ఇతరులకు ప్రమాదమైతే, ఎగిరిపోకుండా కొట్టుకుంటూనే ఉన్న బరకం సొంత పడవకు నష్టం.

అయితే బరకం తీసివేస్తే సరిపోతుందా?

సరిపోదు. పడవ ఖాళీగా ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. మన పడవలు ఖాళీగా ప్రయాణం చేయడం అరుదు. వల ఉంటుంది, వలకు కట్టిన బెండ్లు, సీసపు గుళ్లు ఉంటాయి. ఐసు పెట్టె, దాని మూత, ప్లాస్టిక్ డబ్బాలు, తెడ్లు, లైఫ్ జాకెట్లు ఉంటాయి. వీటిలో థర్మోకోల్ మూత వంటి తేలిక వస్తువు గాలికి లేవడానికి ఎక్కువ వేగం అక్కరలేదు. జారిన వల కొస రోడ్డు మీద పడితే అది ఇంకా ప్రమాదం: ఆ వల మన లారీ చక్రానికే చుట్టుకోవచ్చు, వెనుక వచ్చే మోటారు సైకిల్ చక్రానికైనా చుట్టుకోవచ్చు. బరకం ఈ సామానును అదుపులో ఉంచుతుంది. ఎండకు నైలాను వల చివికిపోకుండా కాపాడుతుంది. వానను, దుమ్మును ఆపుతుంది.

విదేశాలలో, ముఖ్యంగా సరస్సుల వద్ద విహారానికి సొంత పడవలు ఉంచుకునే అమెరికా వంటి చోట్ల, పడవను దాని సొంత ట్రైలర్ మీద కారు వెనుక లాగుతారు. అక్కడ పడవ కప్పులు రెండు రకాలు. ఒకటి నిలిపి ఉంచినప్పుడు దుమ్ము, ఎండ తగలకుండా కప్పేది. రెండవది లాగేటప్పుడు కూడా ఉంచదగినట్లు ఆ పడవ కొలతకే కుట్టించినది. మొదటి దానిని రోడ్డెక్కే ముందు తీసివేయాలని, రెండవ దానిని ఉంచవచ్చునని చెబుతారు. మన దగ్గర హుస్సేన్‌సాగర్ వంటి చోట్ల పోటీలకు వచ్చే తెరచాప పడవల విషయంలోనూ ఈ తేడా పాటించదగినదే. కాని ఆ సలహాలో ‘తీసివేయండి’ అన్న ఒక్క మాటను మాత్రమే తెలుగు చేసి మన వేట పడవలకు వర్తింపజేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. అక్కడి పడవలో వల ఉండదు, ఐసు పెట్టె ఉండదు. కనుక మన పరిస్థితికి తగిన నియమాన్ని మనమే చెప్పుకోవాలి. అది ఇది:

బిగువుగా, గాలి దూరకుండా కట్టగలిగితే బరకం ఉంచండి. అలా కట్టలేకపోతే తీయండి. తీసే ముందు పడవలోని వదులు సామాను అంతటినీ దింపండి.

మూడు కట్లు

పడవ తరలింపులో జరిగే పొరపాట్లలో ముఖ్యమైనది, ఒకే తాడుతో అన్ని పనులూ చేయించాలనుకోవడం. బరకం మీదుగా తాడు వేసి లారీ హుక్కులకు లాగి బిగిస్తే పడవ, సామాను, బరకం మూడూ నిలుస్తాయని భావిస్తారు. బయలుదేరినప్పుడు అది నిజమే. కాని బరకం కింద మెత్తని వల ఉన్నది. కుదుపులకు వల అణుగుతుంది. వల అణగగానే తాడు వదులవుతుంది. తాడు వదులైతే బరకమూ వదులు, పడవా వదులు. అందుకే మూడు కట్లూ వేరువేరుగా ఉండాలి.

మొదటిది పడవ కట్టు. ఏ బరకమూ, ఏ సామానూ లేకున్నా పడవ లారీ మీద కదలకుండా నిలవాలి. పడవ అడుగు గుండ్రంగా ఉంటుంది గనుక దానికి ఇరువైపులా పాత టైర్లు, ఇసుక మూటలు, కొయ్య దిమ్మెలు ఒత్తుగా పెట్టాలి. ముందు వైపు రెండు, వెనుక వైపు రెండు, మొత్తం నాలుగు చోట్లకు తక్కువ కాకుండా కట్టాలి. బ్రేకు వేసినప్పుడు పడవ ముందుకు పోకుండా వెనక్కి లాగే కట్టు, ఎత్తెక్కేటప్పుడు వెనక్కి జారకుండా ముందుకు లాగే కట్టు, రెండూ ఉండాలి. తాడు పడవ అంచును తాకే ప్రతి చోట గోనె మడత గాని, టైరు ముక్క గాని పెట్టాలి. అది పడవనూ కాపాడుతుంది, తాడునూ కాపాడుతుంది.

రెండవది సామాను కట్టు. వలను కుప్పగా కాక చుట్టగా చుట్టి, పడవ అడుగున, వెనుక వైపు కాక నడిమి భాగంలో ఉంచి, పడవ అడ్డబల్లలకు కట్టాలి. ఐసు పెట్టె మూతను పెట్టెకు కట్టాలి. తెడ్లు, లగ్గాలు పొడవు పొడవున పరచి, రెండు చోట్ల కట్టాలి. డీజిలు, పెట్రోలు డబ్బాలను పడవలో ఉంచరాదు. ఇంజనుకు ఇంధనం తెచ్చే గొట్టాన్ని విడదీసి, ట్యాంకు మూత బిగించాలి. పడవ వెనుక తగిలించే ఇంజనును వీలైనంత వరకు విప్పి, తయారీదారు చెప్పిన తీరులో విడిగా తీసుకొనిపోవడం మేలు. విప్పలేని పక్షంలో దానిని ఎత్తి, కింద గట్టి ఆధారం పెట్టి, పంకా రెక్కలను గోనెసంచితో చుట్టి కట్టాలి.

మూడవది బరకం కట్టు. దాని పని ఒక్కటే: తనను తాను నిలుపుకోవడం. పై రెండు కట్లలో ఏ ఒక్కదాని బరువూ దాని మీద మోపరాదు.

ఈ మూడింటినీ పరీక్షించే తీరు సులభం. ఒక్కొక్క కట్టునూ మనసులో తీసివేసి చూసుకోండి. బరకం పోతే సామాను నిలుస్తుందా? సామాను కట్టు తెగితే పడవ నిలుస్తుందా? రెండింటికీ ‘నిలుస్తుంది’ అన్న జవాబు వచ్చినప్పుడే బండి కదలాలి.

బరకం కట్టే తీరు

బరకం పడవ అంచు దాటి ఇరువైపులా కనీసం ఒక అడుగు కిందికి దిగాలి. అంచు మీదనే ఆగిపోతే గాలి సులభంగా కిందికి దూరుతుంది. ముందు కొస అతి ముఖ్యం. గాలి దూరేది అక్కడే. బరకాన్ని పడవ ముక్కు చుట్టూ మడిచి, కిందికి తెచ్చి, ముక్కు కింద కట్టాలి. ఒకే బరకం చాలకపోతే రెండు వాడవచ్చు, కాని పేర్చే వరుస తప్పరాదు. ఇంటి పెంకులను వాన జారే దిక్కు చూసి పేర్చినట్లు, బరకాలను గాలి జారే దిక్కు చూసి పేర్చాలి. వెనుక బరకాన్ని ముందు పరచి, దాని ముందు అంచు మీద ముందు బరకపు వెనుక అంచు పడేటట్లు కప్పాలి. అప్పుడు గాలి అతుకు మీదుగా జారిపోతుంది. ఈ వరుస తిరగబడితే అతుకు నోరు తెరుచుకుంటుంది. పడవను వెనుక భాగం ముందుకు వచ్చేటట్లు లారీ ఎక్కించినప్పుడు ఈ లెక్క కూడా తిరగబడుతుందని గమనించగలరు.

కట్టిన తరువాత బరకం నడిమి భాగాన్ని చేత్తో పట్టుకొని చూడండి. గుడ్డ పిడికిట్లోకి వచ్చిందంటే అది రోడ్డు మీద కొట్టుకుంటుంది. పిడికిటికి అందనంత బిగువు ఉండాలి. పలుచని ప్లాస్టిక్ పట్టాలు ఇంటి ముంగిట కప్పడానికి పనికివస్తాయి గాని రోడ్డు ప్రయాణానికి పనికిరావు. అవి రింగుల దగ్గరే చిరుగుతాయి. మందమైన కాన్వాసు గాని, రెండు వైపులా పూత గల గట్టి బరకం గాని వాడాలి.

రింగుల మీద భారం తగ్గించే ఉపాయం మన మత్స్యకారుల ఇళ్లలోనే ఉన్నది. అది పాత వల. బరకం కప్పిన తరువాత దాని మీద పాత వలను పరచి, ఆ వల అంచులను చుట్టూ లాగి కట్టితే, గాలి బలం నాలుగైదు రింగుల మీద పడకుండా వందల కన్నుల మీద పంచుకుంటుంది. బరకం ఎక్కడా ఉబ్బడానికి చోటు ఉండదు. ఎండకు చివికి, లాగితే పుటుక్కున తెగే వల ఇందుకు పనికిరాదు, కొసలు వేలాడనీయరాదు.

తాళ్ల విషయంలో ఒక మాట. నార తాడు తడిస్తే బిగుసుకుంటుంది, ఆరితే వదులవుతుంది. నైలాను తాడు బలమైనదే గాని సాగుతుంది, తడిస్తే మరింత సాగుతుంది. కనుక ఏ తాడైనా ఒకసారి బిగించి వదిలివేయదగినది కాదు. బయలుదేరిన పది పదిహేను కిలోమీటర్లకు ఒకసారి, తరువాత ప్రతి గంటకు ఒకసారి, వంతెన ఎక్కడానికి ముందు తప్పనిసరిగా, ఆగి చూసుకోవాలి. వంతెన మీద ఆపరాదు. ఇవతలి కొసనే రోడ్డు పక్కన విశాలమైన చోట ఆపుకోవాలి.

వాన నీరు

బరకం నడిమి భాగం కుంగి ఉంటే వాన నీరు అక్కడ నిలుస్తుంది. 10 చదరపు మీటర్ల కప్పు మీద ఒక సెంటీమీటరు నీరు నిలిచినా అది 100 లీటర్లు, అంటే 100 కిలోలు. మలుపులో ఆ నీరంతా ఒక పక్కకు చేరితే బరువు ఒక్కసారిగా ఆ పక్కకే పోతుంది. పడవ పొడవునా నడుమ ఒక గట్టి వెదురును అడ్డబల్లల మీద ఎత్తుగా నిలిపి కట్టి, బరకాన్ని ఇంటి కప్పులా రెండు వైపులకు వాలేటట్లు చేస్తే నీరు నిలవదు. వెదురు కొస బరకాన్ని పొడవకుండా గుడ్డ చుట్టాలి.

పడవ అడుగున నీరు పోయే బిరడా ఉంటే ప్రయాణంలో దానిని తీసి ఉంచడం మంచిది. లోపలికి దిగిన వాన నీరు బయటికి పోతుంది. తీసిన బిరడాను మాత్రం డ్రైవరు కంటికి కనబడే చోట, తాళం చెవికి కట్టి ఉంచండి. బిరడా పెట్టకుండానే పడవను నీటిలోకి దింపడం కష్టాన్ని కొనితెచ్చుకోవడమే. గమ్యం చేరగానే బరకం విప్పి, లోపలి తడిని ఆరనివ్వాలి. తడి మీద కప్పి ఉంచిన చెక్క కుళ్లుతుంది, వల బూజు పడుతుంది.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం, 1988కి 2019లో చేసిన సవరణ ద్వారా 194(1ఎ) అనే ఉపవిభాగం చేరింది. సరుకు వాహనపు బాడీకి పక్కలకు గాని, ముందుకు గాని, వెనుకకు గాని, అనుమతించిన ఎత్తుకు మించి పైకి గాని పొడుచుకొని వచ్చేటట్లు వాహనం నడిపినవారికి 20,000 రూపాయల జరిమానా విధించవచ్చు. పొడుచుకొని వచ్చిన సరుకును దింపించే ఖర్చు కూడా వారే భరించాలి. సరుకును సరిచేసే వరకు వాహనాన్ని కదలనివ్వరు. ‘నడిపినవారు’ అని మాత్రమే కాక, నడిపించినవారు, నడపడానికి అనుమతించినవారు కూడా బాధ్యులేనని ఆ ఉపవిభాగం చెబుతున్నది. కనుక ‘అది డ్రైవరు చూసుకోవలసినది’ అని పడవ యజమాని తప్పుకోవడానికి వీలులేదు.

ఇది పడవకు ఎలా వర్తిస్తుందో చూడండి. 24 అడుగుల బాడీ గల లారీలో 23 అడుగుల పడవ ఇముడుతుంది. అదే లారీలో 28 అడుగుల పడవను పెడితే 4 అడుగులు బయటికి వస్తుంది. వెనుక తలుపు దింపి, ఎర్ర గుడ్డ కట్టినంత మాత్రాన ఆ తప్పు ఒప్పు కాదు. పొడవైన పడవకు దాని పొడవుకు తగిన వాహనాన్నే మాట్లాడుకోవాలి. ప్రత్యేక మినహాయింపు అవసరమని తోస్తే బయలుదేరక ముందే రవాణా శాఖ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అనుమతి కోరాలి. వ్యవసాయానికని నమోదైన ట్రాక్టరు ట్రాలీని బాడుగకు తీసుకొంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం దగ్గర చిక్కులు ఎదురుకావచ్చును; ముందుగానే పత్రాలు చూసుకోవడం మంచిది.

బరకం చట్టరీత్యా మరొక చిక్కు కూడా తెస్తుంది. వెనుక వైపు వేలాడే అంచు బండి నంబరు పలకను, వెనుక దీపాలను, మలుపు సూచించే దీపాలను, మెరిసే ఎర్ర పట్టీలను కప్పివేస్తుంది. కప్పిన దీపం లేని దీపంతో సమానం. బయలుదేరే ముందు ఒకరు వెనుక నిలబడి, మరొకరు బ్రేకు తొక్కి, దీపాలు వేసి సరిచూసుకోవాలి.

మనుషులు, తీగలు

ఈ వ్యాసంలో ఒక్క భాగాన్నే చదవగలిగిన వారు ఈ భాగాన్ని చదువవలసినదిగా కోరుతున్నాము.

బరకం ఎగరకుండా దాని మీద ఇద్దరు కుర్రవాళ్లను కూర్చోబెట్టడం చాలా చోట్ల కనిపించే అలవాటు. దారిలో కరెంటు తీగలు అడ్డం వస్తే వారే వెదురుతో వాటిని ఎత్తి పట్టుకొంటారు. ఈ అలవాటులోని ప్రమాదాన్ని అంకెలలో చూద్దాం. వీధికి అడ్డంగా పోయే తక్కువ ఓల్టేజి తీగ నేల నుండి కనీసం 5.8 మీటర్ల ఎత్తున ఉండాలన్నది నియమం. లారీ అడుగు నేల నుండి సుమారు 1.2 మీటర్లు; దాని మీద పడవ లోతు మరొక 1.2 మీటర్లు, పడవ పైభాగం 2.4 మీటర్లకు వచ్చింది. దాని మీద నిలబడిన మనిషి తల 4 మీటర్లకు చేరుతుంది. చెయ్యి ఎత్తితే నాలుగున్నర. ఆ చేతిలో ఒకటిన్నర మీటర్ల వెదురు ఉంటే దాని కొస 6 మీటర్లు. అంటే నియమం ప్రకారం సరిగా ఉన్న తీగను కూడా అది తాకుతుంది. ఇక ఎండకు సాగి వేలాడే తీగ, ఇంటికి తీసుకొన్న కనెక్షను తీగ అంతకన్నా కిందనే ఉంటాయి. పచ్చి వెదురు గాని, తడిసిన వెదురు గాని విద్యుత్తును ఆపదు. బరకం కూడా తడిసి ఉంటే చెప్పనక్కరలేదు.

కనుక పడవ మీద గాని, బరకం మీద గాని మనిషి కూర్చొనరాదు, నిలబడరాదు. మనిషి బరువుతో ఆపవలసిన బరకం సరిగా కట్టని బరకమే. దానిని విప్పి మళ్లీ కట్టండి, లేదా తీసివేయండి. దారిలో తీగలు తక్కువ ఎత్తున ఉన్నాయని తెలిస్తే ముందు రోజే ఒకరు మోటారు సైకిల్ మీద ఆ దారి చూసి రావాలి. తీగ ఎత్తవలసి వస్తే అది విద్యుత్ శాఖ సిబ్బంది పని. సరఫరా నిలిపి వారే ఎత్తుతారు. ఒక గంట ఆలస్యమవుతుంది. వేటకు పోయిన కొడుకు కోసం ఒడ్డున రాత్రంతా కాచుకొని కూర్చున్న తల్లులు ఉన్న వాడలు మనవి. పడవ ఒడ్డు మీద ఉండగా కొడుకును పోగొట్టుకోవడం ఏ తల్లికీ రాకూడదు.

వరద వేళ

పడవ రోడ్డెక్కే మరొక సందర్భం వరద. 2015 డిసెంబరులో చెన్నై నగర వీధులలోకి, 2018 ఆగస్టులో కేరళ లోతట్టు ఊళ్లలోకి మత్స్యకారులు తమ పడవలను తీసుకొనిపోయి ఎందరినో కాపాడారు. కేరళలో ఆ పడవలు తీరం నుండి లారీల మీదనే వెళ్లాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు యానాం వీధులలోనూ నీరు నిలిచింది. అటువంటి వేళ పై నియమాలన్నీ తీరికగా పాటించే వీలుండదు. అప్పుడు పాటించవలసినవి మూడే. వల, ఐసు పెట్టె వంటి వేట సామాను అంతా ఇంటి దగ్గరే దింపి, తాడు, తెడ్లు, లైఫ్ జాకెట్లు మాత్రం కట్టి ఉంచండి. బరకం కప్పకండి, గమ్యం చేరగానే పడవ దించడానికి అది అడ్డం, తడి గాలిలో అది ముప్పు. పడవ కట్టును మాత్రం ఎంత తొందరలోనైనా సడలించకండి. సాయానికి పోయే పడవ దారిలో పడిపోతే సాయం కోరేవారు ఇద్దరవుతారు.

దారిలో బరకం వదులైతే

అద్దంలో బరకం కొట్టుకొంటున్నట్లు కనబడినా, వెనుక వాహనం వారు హారను కొట్టి చెప్పినా, వేగం మెల్లగా తగ్గించి, ఎడమ పక్కకు తీసి, హెచ్చరిక దీపాలు వేసి ఆపాలి. గట్టిగా బ్రేకు వేస్తే వదులైన బరకం ముందుకు వచ్చి డ్రైవరు అద్దాన్నే కప్పవచ్చు. బరకం రోడ్డు మీద పడిపోతే దాని వెనుక పరుగెత్తరాదు. ముందు ఒకరు వెనుకకు నడిచి వచ్చే వాహనాలను హెచ్చరించాలి. దారి ఖాళీ అయిన తరువాతనే తీయాలి. తీయడం సాధ్యం కాకపోతే 112కు ఫోను చేయాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే 108కు చెప్పి, వచ్చే వరకు అక్కడే ఉండాలి. పడవతో పోతున్న బండి వెనుక వెళ్లేవారు కూడా కొంచెం ఎక్కువ దూరం పాటించడం, బరకం వదులైనట్లు చూస్తే ఒక మాట చెప్పడం పౌర ధర్మం.

బయలుదేరే ముందు

1. పడవ పొడవు వాహనపు బాడీలో ఇమిడినదా?
2. పడవ, సామాను, బరకం మూడింటికీ వేరువేరు కట్లు ఉన్నాయా?
3. బరకం గుడ్డ పిడికిట్లోకి రానంత బిగువుగా ఉన్నదా? ముందు కొస ముక్కు కిందికి మడిచి కట్టినదా?
4. నంబరు పలక, దీపాలు, ఎర్ర పట్టీలు కనబడుతున్నాయా?
5. ఇంధనపు డబ్బాలు దింపారా? బిరడా తీసి భద్రపరచారా?
6. పడవ మీద మనుషులెవరూ లేరు కదా?
7. దారిలోని తీగల ఎత్తు ముందుగా చూశారా?

ఏడింటికీ తృప్తికరమైన జవాబు వచ్చిన తరువాతనే బయలుదేరండి. జూన్ 14వ తేదీ అర్ధరాత్రి దాటి నిషేధం ముగిసే వేళకు మీ పడవ చెక్కుచెదరక ఒడ్డున నిలిచి ఉండాలి. దానిని మోసిన దారిలో ఎవరికీ హాని జరగకూడదు. అందుకు కావలసిన ఖర్చు నాలుగు తాళ్లు, ఒక పాత వల, ఒక అరగంట ఓపిక.